టర్కీకి కూతవేటు దూరంలో ఒక గ్రీకు దీవి

"మ్యాపులో కాస్టెలోరిజో అనే దీవి టర్కీని ఆనుకునే కనిపిస్తోంది, కానీ గ్రీసుది అని రాసి ఉంది. అదెలా సాధ్యం? అక్కడ నిజంగా జనం ఉంటారా, లేక సైనికులేనా? వెళ్ళినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?" అని అడిగారు.

జనం ఉంటారు. మహా అయితే ఐదారొందల మంది. బడి, చర్చిలు, చిన్న విమానాశ్రయం అన్నీ ఉన్నాయి. సైనికులు కూడా ఉన్నారనుకోండి, ఆ సంగతి తర్వాత చెప్తాను.

నేను ఉండేది ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో. ఆ దీవి పేరు మొదట విన్నది కూడా ఇక్కడే. కాస్టెలోరిజో మూలాలున్నవాళ్ళు ఇప్పుడు ఆ దీవిలో కన్నా ఆస్ట్రేలియాలో ఎన్నో రెట్లు ఎక్కువ. పెర్త్‌లో, సిడ్నీలో వాళ్ళకి నూరేళ్ళకి పైబడిన సంఘాలున్నాయి. తమని తాము 'కాజీలు' అని ముద్దుగా పిలుచుకుంటారు. మా వీధి చివరింట్లో ఉండే పెద్దాయన తాతలు అక్కడి నుంచి వచ్చినవాళ్ళే. ఆయన కబుర్లు విని విని, టర్కీ ప్రయాణం పెట్టుకున్నప్పుడు నేనూ మా ఆవిడా ఆ దీవికి కూడా వెళ్ళి వచ్చాం.

మీ ప్రశ్నకి నా జవాబు ఏమిటంటే, దాన్ని కొంచెం తిరగేసి అడగాలి. గ్రీకు దీవి టర్కీకి అంత దగ్గరగా ఎందుకుందన్నది కాదు. ఎదురుగా ఉన్న ఒడ్డు ఆ దీవి చేతిలోంచి ఎలా జారిపోయిందన్నదే అసలు కథ. వందేళ్ళ కిందటి దాకా దీవివాళ్ళ పొలాలు, కలప, బేరసారాలు అన్నీ ఆ ఒడ్డునే ఉండేవి.

ముందు భూగోళం. దీవి వైశాల్యం సుమారు 9 చదరపు కిలోమీటర్లు. టర్కీ నేల మరీ దగ్గరైన చోట మధ్యలో ఉన్న నీళ్ళు 2 కిలోమీటర్లే. ఎదురుగా ఉన్న టర్కీ ఊరు కాష్. రేవు నుంచి రేవుకి దూరం కొంచెం ఎక్కువ. ఏటా దీవి నుంచి కాష్ దాకా ఈత పోటీ పెడతారు, దాని పొడవు 7.1 కిలోమీటర్లు. ఇక గ్రీసు వైపు చూస్తే దగ్గరి పెద్ద దీవి రోడ్స్. అది 125 కిలోమీటర్ల అవతల ఉంది. రాజధాని ఏథెన్స్ అయితే 570 కిలోమీటర్ల దూరం. గ్రీసు వాతావరణ వార్తల్లో మ్యాపులో దీన్ని ఇరికించలేక పక్కన చిన్న డబ్బాలో చూపిస్తారని మా పెద్దాయన నవ్వుతూ అంటాడు.

ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు మెగిస్తి. టర్కీ వాళ్ళు మెయిస్ అంటారు. టికెట్లు వెతికేటప్పుడు ఈ మూడు పేర్లూ గుర్తుంచుకోండి, లేకపోతే తికమక పడతారు. పక్కనే రో, స్ట్రాంగిలి అనే రెండు చిన్న దీవులున్నాయి.

నేలంతా సున్నపురాయి. రేవు వెనక కొండ గోడలా లేస్తుంది, ఎత్తైన శిఖరం 270 మీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. ఏరు లేదు, వాగు లేదు. వాన పడితే నీరు రాతి పగుళ్ళలోకి ఇంకిపోతుంది. అందుకే పాత ఇళ్ళన్నిటికీ కింద వాననీటి తొట్టి ఉంటుంది. మన హైదరాబాద్ ఇళ్ళ కింద సంపు ఉన్నట్టే, కాకపోతే అందులోకి ట్యాంకర్ నీళ్ళు కాకుండా ఇంటికప్పు మీద పడ్డ వాన దిగుతుంది. కొండ మీద పాలియోకాస్ట్రో అనే పాత కోట దగ్గర కూడా రాతిలో తొలిచిన తొట్లున్నాయి. క్రీస్తుకు పూర్వం నుంచి మొన్న మొన్నటిదాకా ఇక్కడ బతకడమంటే వాననీటిని పొదుపుగా వాడుకోవడమే.

పంట లేదు, నీరు లేదు. మరి జనం ఎందుకొచ్చారు? రేవు కోసం. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న లోతైన సహజ రేవు అది. ఈజిప్టు నుంచి, సిరియా తీరం నుంచి ఏజియన్ సముద్రానికి వెళ్ళే ఓడలు ఈ కొండల తీరం వెంబడే రావాలి. గాలి ఎదురు తిరిగితే తలదాచుకోవడానికి ఇక్కడ ఆగేవి. దీవికి ఉన్న ఆస్తి అదొక్కటే. దాని కోసం ఎంతమంది కొట్టుకున్నారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

రేవు ఒడ్డున నడుస్తూ కోట కింద నుంచి వెళ్తే, సముద్రం వైపు రాతి మెట్లున్నాయి. పైకి ఎక్కితే కొండ రాతిలో తొలిచిన సమాధి. ముందు భాగం చిన్న గుడి ముఖద్వారంలా ఉంటుంది. క్రీ.పూ. 4వ శతాబ్దం నాటి లిసియా సమాధి అది. లిసియా అంటే ఎదురుగా ఉన్న టర్కీ తీరపు ప్రాచీన నామం. అక్కడి కొండల నిండా ఇలాంటి సమాధులే. గ్రీసు దేశం మొత్తంలో మాత్రం ఇలాంటిది ఇదొక్కటేనని చెప్తారు. నన్నడిగితే దీవి చరిత్ర అర్థం కావాలంటే మ్యూజియం కన్నా ముందు ఈ సమాధి చూడాలి. ఆ కాలంలో ఈ నీళ్ళ మధ్య గీత ఏదీ లేదని ఆ రాయే చెప్తుంది.

సమాధి పైన ఎర్రరాయి కోట. రోడ్స్‌ని ఏలిన సెయింట్ జాన్ నైట్లు (క్రైస్తవ సన్యాసి-యోధుల సంఘం) 14వ శతాబ్దంలో దాన్ని మళ్ళీ కట్టించారు. 1444లో ఈజిప్టుని ఏలుతున్న మమ్లూకులు వచ్చి దీవిని ధ్వంసం చేశారు. కొన్నేళ్ళకే నేపుల్స్‌ని ఏలుతున్న అల్ఫోన్సో రాజు మనుషులు వచ్చారు. 16వ శతాబ్దంలో ఒట్టోమాన్ తురుష్కుల చేతికి వెళ్ళింది. మధ్యమధ్యలో వెనీస్ వాళ్ళ దాడులు. ఈ భాగం గబగబా దాటేస్తున్నాను. వచ్చినవాళ్ళ పేర్లు మారాయి గానీ వాళ్ళు చేసింది ఇంచుమించు ఒకటే.

ఆసక్తికరమైన కాలం 19వ శతాబ్దం. సుల్తాను పాలనలోనే ఉన్నా ఊరు దాదాపు అంతా గ్రీకు క్రైస్తవులు. పన్ను కట్టి తమ వ్యవహారాలు తామే చూసుకునేవాళ్ళు. ఎదురు ఒడ్డు అడవుల్లో కలప కొట్టించి, కట్టెబొగ్గు కాల్పించి, తెరచాప ఓడల్లో అలెగ్జాండ్రియాకి తీసుకెళ్ళి అమ్మేవాళ్ళు. అక్కడి సరుకు తెచ్చి ఇటు అనతోలియాలో, అంటే ఇప్పటి టర్కీ నేల మీద, అమ్మేవాళ్ళు. సముద్రంలో మునిగి స్పాంజి తీసేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. వ్యాపారం పెరిగి ఆ ఒడ్డునే ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పటి కాష్‌ని అప్పట్లో ఆండిఫ్లి అనేవాళ్ళు, అక్కడి జనంలో ఎక్కువమంది దీవి నుంచి వెళ్ళిన గ్రీకులే. కాస్త పడమరగా కల్కాన్‌లోనూ అంతే. 1900 ప్రాంతంలో దీవి జనాభా తొమ్మిది పదివేలు ఉండేదంటారు. తొమ్మిది చదరపు కిలోమీటర్ల బండరాయి మీద పదివేల మంది బతికారంటే, వాళ్ళని పోషించింది ఆ రాయి కాదు, ఎదురుగా ఉన్న నేల.

ఆ కాలపు డబ్బు ఎలాంటిదో చూడాలంటే హొరాఫియా అనే పేటలో సెయింట్ కాన్‌స్టంటైన్, హెలెనా చర్చికి వెళ్ళండి. లోపల నిలువెత్తు గ్రానైట్ స్తంభాలు పైకప్పుని మోస్తుంటాయి. ఎదురు తీరంలో పటారా అనే ప్రాచీన నగరంలోని అపోలో ఆలయం నుంచి పడవల్లో తెచ్చినవని చెప్తారు. పక్కింటి నుంచి తెచ్చుకున్నంత మామూలుగా ఎదురు ఒడ్డు నుంచి గుడి స్తంభాలు తెచ్చుకున్నారన్నమాట.

పతనం మూడు నాలుగు వైపుల నుంచి ఒకేసారి వచ్చింది. ఆవిరి ఓడలు రాగానే తెరచాప ఓడల బేరాలు పడిపోయాయి. 1908 తర్వాత ఇస్తాంబుల్‌లో వచ్చిన యంగ్ టర్క్ ప్రభుత్వం క్రైస్తవ యువకులని కూడా సైన్యంలో చేరమంది, పాత మినహాయింపులు పోయాయి. కుర్రాళ్ళు ఓడలెక్కి ఈజిప్టుకి, ఆస్ట్రేలియాకి పోవడం మొదలుపెట్టారు. పెర్త్ చేరిన మొదటి తరం వాళ్ళే.

ఇక మీరు అడిగిన "ఎలా గ్రీసుదైంది" అన్న భాగం. ఇది కొంచెం చిక్కుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

1912లో ఇటలీ తురుష్కులతో యుద్ధం చేసి రోడ్స్, దాని చుట్టుపక్కల దీవులని పట్టుకుంది. కాస్టెలోరిజోని మాత్రం వదిలేసింది. దీవివాళ్ళు తామే రోడ్స్‌లోని ఇటలీ సేనాపతి దగ్గరికి వెళ్ళి మమ్మల్ని కూడా కలుపుకోండని అడిగారు. ఆయన కుదరదన్నాడు. దాంతో 1913 మార్చిలో ఊరివాళ్ళే తురుష్క గవర్నర్‌నీ అతని కొద్దిపాటి సైనికులనీ బంధించి, సొంత తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించుకున్నారు. గ్రీసులో కలవాలన్నది వాళ్ళ కోరిక. పెద్ద దేశాలకి అది నచ్చలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 డిసెంబరు చివర్లో ఫ్రాన్సు నౌకాదళం దిగింది. ఎదురు కొండల మీద తురుష్కుల ఫిరంగులు. రెండు కిలోమీటర్ల దూరం అంటే ఫిరంగికి లెక్కే కాదు కదా. 1917 జనవరిలో బ్రిటిష్ సీప్లేన్ (నీటి మీద దిగే విమానం) వాహక నౌక బెన్-మై-క్రీ రేవులో లంగరు వేసి ఉండగా ఆ ఫిరంగులు పేల్చి ముంచేశాయి. సీప్లేన్ నుంచి టార్పెడో వేసి ఓడని కొట్టడం ప్రపంచంలో మొదటిసారి 1915లో జరిగింది. ఆ విమానం ఎగిరింది ఈ ఓడ నుంచే. అలాంటి పేరున్న ఓడ ఇంత చిన్న రేవులో ఇలా పోయింది. ఫిరంగి గుళ్ళు ఊరి ఇళ్ళ మీద కూడా పడ్డాయి. వలసలు ఇంకా పెరిగాయి.

1921లో ఫ్రాన్సు దీవిని ఇటలీకి అప్పగించింది. 1923 లొజాన్ ఒప్పందంలో టర్కీ దీని మీద హక్కు వదులుకుంది. 15వ అధికరణంలో దీవి పేరు విడిగా రాశారు. మీ ప్రశ్నకి న్యాయపరమైన జవాబు ఇక్కడే ఉంది. టర్కీ దీవిని వదులుకున్నది గ్రీసుకి కాదు, ఇటలీకి.

అయితే నా దృష్టిలో దీవికి అసలు దెబ్బ అదే ఏడాది జరిగిన ఇంకో ఒప్పందం. గ్రీసు, టర్కీ దేశాలు జనాభా మార్పిడి చేసుకున్నాయి. అనతోలియాలోని గ్రీకు క్రైస్తవులు గ్రీసుకి, గ్రీసులోని ముస్లింలు టర్కీకి వెళ్ళిపోవాలి. కాష్, కల్కాన్‌లలోని గ్రీకులు ఇళ్ళు, పొలాలు వదిలి వెళ్ళిపోయారు. ఎదురు ఒడ్డుతో బంధుత్వాలు, అప్పులు, అడవి కాంట్రాక్టులు అన్నీ తెగిపోయాయి. దేశాల మధ్య ఫిరంగులు ఆగినా, ఒడ్డు లేని రేవు ఎవరికి పనికొస్తుంది?

ఇటలీ వాళ్ళు రేవు ఒడ్డున కొన్ని మంచి భవనాలు కట్టారు. అక్కడికెళ్తే గవర్నరు భవనం, మార్కెట్టు ఇప్పటికీ చూడొచ్చు. 1930లలో మార్సెయ్ నుంచి బేరూట్ వెళ్ళే ఫ్రెంచి సీప్లేన్లు ఇక్కడ ఆగేవి. రేవుకి మళ్ళీ కొన్నాళ్ళు పని దొరికింది. కానీ బళ్ళలో ఇటాలియన్ భాష రుద్దడం, 1926 భూకంపంలో ఇళ్ళు కూలడం, బతుకుతెరువు లేకపోవడం... జనం తరలిపోతూనే ఉన్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో 1941 ఫిబ్రవరిలో బ్రిటిష్ కమాండోలు దిగి దీవిని పట్టుకున్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే ఇటలీ మళ్ళీ లాక్కుంది. 1943లో ఇటలీ లొంగిపోయాక బ్రిటిష్ వాళ్ళు తిరిగొచ్చారు, ఆ వెంటే జర్మన్ బాంబులు. ఊరివాళ్ళని సైప్రస్‌కి, అక్కడి నుంచి గాజాలోని శరణార్థి శిబిరానికి తరలించారు. ఖాళీ అయిన ఊళ్ళో 1944లో ఇంధన నిల్వలకి నిప్పంటుకుని మంటలు వ్యాపించాయి. ఇళ్ళు వందల్లో కాలిపోయాయి.

యుద్ధం ముగిశాక 1945 సెప్టెంబరులో ఈజిప్టులోని పోర్ట్ సయీద్ నుంచి 'ఎంపైర్ పెట్రోల్' అనే ఓడ దాదాపు 500 మందిని ఇంటికి తీసుకొస్తోంది. నడిసముద్రంలో ఓడకి మంటలంటుకున్నాయి. 33 మంది చనిపోయారు. యుద్ధాన్ని దాటి బతికినవాళ్ళు ఇంటికొస్తూ ఇలా పోయారు. ఈ ఓడ పేరు ఎత్తినప్పుడు మాత్రం మా వీధి పెద్దాయన గొంతు తగ్గుతుంది. మిగతావన్నీ ఆయన కబుర్లలాగే చెప్తాడు.

1947 ప్యారిస్ శాంతి ఒప్పందంతో ఇటలీ ఈ దీవులన్నిటినీ గ్రీసుకి ఇచ్చేసింది. 1948 మార్చిలో లాంఛనంగా విలీనం జరిగింది. అంటే 1913లో అడిగింది 35 ఏళ్ళకి వచ్చింది. అప్పటికి ఊళ్ళో ఎవరున్నారు? కాలిపోయిన ఇళ్ళు, తిరిగొచ్చిన కొన్ని వందల మంది. 1980లకి వచ్చేసరికి జనాభా రెండు మూడొందలకి పడిపోయింది. 1986లో విమానాశ్రయం తెరిచాకే కాస్త ఊపిరి వచ్చింది. రన్‌వే 800 మీటర్లు కూడా ఉండదు, రోడ్స్ నుంచి బుల్లి విమానాలే దిగుతాయి.

జనం ఉండటమే ఇక్కడ రాజకీయం. రో దీవి సంగతి వినే ఉంటారు. డెస్పినా అహ్లాడియోటి అనే ఆవిడ భర్తతో కలిసి 1927లో అక్కడికి వెళ్ళింది. భర్త పోయాక కూడా ఆ దీవి వదలకుండా, దశాబ్దాల పాటు రోజూ పొద్దున గ్రీకు జెండా ఎగరేసింది. 1975లో ఏథెన్స్ అకాడమీ ఆవిడని సన్మానించింది. 1982లో చనిపోతే అక్కడే ఖననం చేశారు. ఇప్పుడు ఆ పని సైనికులు చేస్తున్నారు.

సైనికుల గురించి అడిగారు కదా. 1947 ఒప్పందం ప్రకారం ఈ దీవుల్లో సైన్యం ఉండకూడదని టర్కీ అంటుంది. ఆత్మరక్షణ హక్కు మాకుందని గ్రీసు అంటుంది. అసలు తగాదా సముద్రం గురించి. దీవికి కూడా దాని చుట్టూ సముద్రగర్భం మీద హక్కులుంటాయని గ్రీసు వాదన. ఇంత చిన్న దీవి మా పొడవాటి తీరాన్ని మూసేస్తే ఎలా అని టర్కీ వాదన. 2020లో టర్కీ సర్వే నౌక ఒరుచ్ రెయిస్ ఈ దక్షిణ జలాల్లోకి వచ్చినప్పుడు రెండు దేశాల యుద్ధనౌకలు వెంటపడ్డాయి, ఆగస్టులో రెండు ఒకదాన్నొకటి రాసుకున్నాయి కూడా. టీవీల్లో టెన్షన్ టెన్షన్ అని ఊదరగొట్టారు. ఎవరి వాదన న్యాయమో తేల్చేంత చదువు నాకు లేదు గానీ, దీవిని వట్టి చుక్క అనడం మాత్రం అన్యాయమనిపిస్తుంది. దాన్ని చుక్కగా మార్చింది పైవాళ్ళు గీసిన గీతలే.

ఊరివాళ్ళు మాత్రం శుక్రవారం కాష్ సంతకి పడవలో వెళ్ళి కూరగాయలు తెచ్చుకుంటారు. రోడ్స్ నుంచి ఓడలో వచ్చే టమాటా కన్నా ఇది తాజా, చవక. 2024 నుంచి టర్కీ వాళ్ళకి కూడా ఈ దీవికి రేవులోనే వారం రోజుల వీసా ఇస్తున్నారు. మేం కూర్చున్న హోటల్లో సగం బల్లల దగ్గర టర్కిష్ మాటలే వినిపించాయి.

చూడ్డానికి ఊరు అందంగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. నీళ్ళ అంచునే రంగురంగుల ఇరుకు మేడలు, చెక్క బాల్కనీలు. రేవులో పెద్ద తాబేళ్ళు బల్లల పక్కనే ఈదుతుంటాయి. కానీ రెండు సందులు వెనక్కి వెళ్ళండి. పైకప్పులు లేని గోడలు, గదుల్లో మొలిచిన అత్తిచెట్లు. వాటిలో చాలా ఇళ్ళ వారసులు ఆస్ట్రేలియాలో ఉన్నారు. ఒక్కో ఇంటికి పదీ ఇరవై మంది వాటాదారులు, ఒకరు ఒప్పుకుంటే ఇంకొకరు ఒప్పుకోరు. ఈ బాధ మనకీ తెలియనిది కాదు. ఒప్పుకున్నవాళ్ళు బాగుచేయించుకుని వేసవిలో వచ్చి ఉంటారు. అందుకే ఆగస్టులో ఆ సందుల్లో అచ్చమైన ఆస్ట్రేలియా యాసలో ఇంగ్లీషు వినిపిస్తుంది.

పాత మసీదు ఇప్పుడు మ్యూజియం, పది నిమిషాల పని. రేవు వెనక కొండకి అడ్డదిడ్డంగా నాలుగొందల మెట్లుంటాయి, తెల్లవారుజామున ఎక్కితే మేలు. ఆగ్నేయాన నీలి గుహ ఉంది. ముఖం ఎత్తు మీటరు మాత్రమే, పడవలో వెల్లకిలా పడుకుంటేగానీ లోపలికి పోలేరు. సముద్రం కాస్త పొంగితే అదీ కుదరదు. శాకాహారులకి శనగలతో చేసిన వడల్లాంటివి దొరుకుతాయి. కటుమారి అనే ఇక్కడి మిఠాయి తప్పకుండా తినండి, పొరలు పొరలుగా పంచదారతో ఉంటుంది.

వెళ్ళాలనుకుంటే ఒక ముఖ్యమైన విషయం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి దీవిలో దిగడానికి షెంజెన్ వీసా కావాలి, పైన చెప్పిన రేవు వీసా మనకి వర్తించదు. ఇంకో చిక్కు టర్కీ వైపు ఉంది. మనకిచ్చే టర్కీ ఈ-వీసా సాధారణంగా ఒక్కసారి ప్రవేశానికే. కాష్ నుంచి పొద్దున దీవికి వెళ్ళి సాయంత్రం తిరిగొద్దామనుకుంటే, తిరిగొచ్చేటప్పుడు అది రెండో ప్రవేశం అవుతుంది. మేం అందుకే సామానంతా వెంటబెట్టుకుని కాష్ నుంచి దీవికి, అక్కడి నుంచి ఓడలో రోడ్స్‌కి ఒకే దిక్కుగా వెళ్ళిపోయాం. కాష్ పడవ అరగంట లోపే. రోడ్స్ ఓడ మాత్రం రోజూ ఉండదు, వారంలో ఏ రోజుల్లో ఉందో చూసుకుని ఆ తర్వాతే దీవిలో గది బుక్ చేసుకోండి.